కొత్త టెక్నాలజీని మార్కెట్‌కి చేర్చాలంటే చిన్న కంపెనీయా, పెద్దదా, మధ్యలోదా? విశాఖలో ఉన్నవాళ్లకు ఒక ఎంపిక సలహా

పనిచేసే నమూనా ఒకటి చేతిలో ఉంది. మోటారు బేరింగు పాడవక ముందే హెచ్చరించే సెన్సారు కావచ్చు, బోటులో ఐసు ఎక్కువ రోజులు నిలిచేలా చేసే పెట్టె కావచ్చు, పీహెచ్‌సీలో వాడే చిన్న పరీక్ష యంత్రం కావచ్చు. దీన్ని జనం దగ్గరికి చేర్చడం ఎలా? సొంతంగా కంపెనీ పెట్టుకోవాలా, పెద్ద కంపెనీకి టెక్నాలజీ ఇచ్చేసి రాయల్టీ తీసుకోవాలా, మరెవరితోనైనా చేతులు కలపాలా? విశాఖలో ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఆంధ్రా యూనివర్సిటీ, గీతం కుర్రాళ్లు మాత్రమే కాదు. గాజువాక ఆటోనగర్‌లో షెడ్డు నడిపేవాళ్లు, నౌకాదళ ఆయుధాల పరిశోధన ల్యాబు ఎన్‌ఎస్‌టీఎల్‌లోనో స్టీల్‌ప్లాంట్‌లోనో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరైన ఇంజనీర్లు కూడా అడుగుతున్నారు.

"చిన్న కంపెనీకి వేగం, పెద్ద కంపెనీకి బలం" అనే జవాబు అందరికీ తెలిసిందే. అబద్ధం కాదు గానీ, దాన్ని పట్టుకుని ఎవరూ నిర్ణయం తీసుకోలేరు. షుంపీటర్ అనే ఆర్థికవేత్త 1911లో కొత్తదనం కొత్తగా పుట్టే సంస్థల వల్ల వస్తుందన్నాడు. 1942కల్లా పెద్ద ప్రయోగశాలలున్న పెద్ద కంపెనీలదే పైచేయి అన్నాడు. రెండు మాటలకూ ఇప్పటికీ ఆధారాలు దొరుకుతూనే ఉన్నాయి, ఎందుకంటే ఒక్కో రంగంలో ఒక్కో మాట నిజం.

నేను చెప్పేది ఇది. కంపెనీ సైజు గురించి ఆలోచించే ముందు రెండు విషయాలు తేల్చుకోండి. మీ వస్తువును మొదట కొనే మనిషి ఎవరు, అతనికి నమ్మకం కుదరాలంటే మీరు ఏ పరీక్ష దాటాలి? అది ఫెయిలైతే ఎంత నష్టం జరుగుతుంది? ఈ రెండూ తేలితే ఏ సైజు కంపెనీ కావాలో దాదాపు దానంతట అదే తేలిపోతుంది. ఇంకొక మాట కూడా. విశాఖలాంటి ఊళ్లో మధ్య తరహా కంపెనీని మనవాళ్లు అసలు లెక్కలోకే తీసుకోవడం లేదు. చాలామందికి సరైన దారి అదే అని నా గట్టి నమ్మకం.

కాగితం మీద సైజు

సంస్థ సైజును ప్రభుత్వం కొలిచే లెక్క 2025 ఏప్రిల్ 1 నుంచి మారింది. యంత్రాల మీద పెట్టుబడి రెండున్నర కోట్లు, టర్నోవర్ 10 కోట్లు దాటకపోతే సూక్ష్మ సంస్థ. 25 కోట్లు, 100 కోట్ల వరకు చిన్నది. 125 కోట్లు, 500 కోట్ల వరకు మధ్య తరహా. ఈ గుర్తింపు ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కి రుసుమేమీ లేదు, ఆన్‌లైన్‌లో అయిపోతుంది. స్టార్టప్ ఇండియా గుర్తింపు వేరే విషయం. రెండూ తీసుకోండి.

ఎందుకంటే చిన్నగా ఉండటానికి చట్టం కొన్ని సౌకర్యాలు ఇచ్చింది. పేటెంట్ దరఖాస్తుకు పెద్ద కంపెనీ ఆన్‌లైన్‌లో 8,000 కడితే స్టార్టప్ గానీ, చిన్న సంస్థ గానీ, మామూలు వ్యక్తి గానీ కట్టేది 1,600. ప్రభుత్వ టెండర్లలో స్టార్టప్‌లకు పాత అనుభవం, పాత టర్నోవర్ షరతుల నుంచి సడలింపు ఉంది. స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ కింద నమూనా దశకు 20 లక్షల వరకు గ్రాంటు, వైద్య, జీవశాస్త్ర రంగాల్లో కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ 'బిగ్' పథకం కింద 50 లక్షల వరకు గ్రాంటు దొరుకుతాయి. పెద్ద కంపెనీకి ఈ దారులు లేవు.

చిన్న కంపెనీ ఎక్కడ గెలుస్తుంది

ఫిషింగ్ హార్బర్‌లో ఒక బోటు మీద సెన్సారు పెట్టె బిగించారనుకుందాం. కొన్ని వారాలకు రీడింగులు తప్పుగా రావడం మొదలైంది. మూత తీస్తే రబ్బరు గ్యాస్కెట్ బాగానే ఉంది, లోపల నీటి చుక్క లేదు. కానీ సర్క్యూట్ బోర్డు మీద వైరు అతికిన చోట మాత్రం ఆకుపచ్చగా, నల్లగా చిలుం పట్టింది. వైరు పై తొడుగు లోపల, రాగి తీగల సందుల్లోంచి ఉప్పునీరు పాకుతూ వచ్చింది. పెట్టెకు ఐపీ 67 సర్టిఫికెట్ ఉంది, అంటే నీళ్లు, దుమ్ము చొరబడవని. మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచి పరీక్ష చేస్తే చక్కగా పాసైంది. ఆ అరగంటలో పట్టుబడని లోపం బంగాళాఖాతంలో కొన్ని వారాలు తిరిగాక బయటపడింది.

చిన్న కంపెనీ అయితే ఆ సాయంత్రమే మామూలు రాగి వైరు తీసేసి తగరం పూత ఉన్న వైరు వేస్తుంది. బోర్డు మీద రక్షణ పూత పూస్తుంది. కేబులు పై నుంచి కాకుండా కింది నుంచి పెట్టెలోకి వచ్చేలా మార్చి, కేబులు లోపలికి దూరే బిగింపు (గ్లాండు) దగ్గర సీలెంటు నింపుతుంది. తెల్లవారుజామున బోటు బయల్దేరే లోపు సరంగు చేతికి ఇచ్చి, "ఈసారి ఇది చూడు బాబూ, నీళ్లు పడ్డా ఏమీ కాకూడదు" అని చెప్పగలదు. కనిపెట్టినవాడు, మార్చినవాడు, వాడేవాడితో మాట్లాడినవాడు ఒక్కడే. మధ్యలో మెయిలు లేదు, మీటింగు లేదు.

అదే పెద్ద కంపెనీలో మార్పు కోరుతూ ఒక అభ్యర్థన వెళ్లాలి. డ్రాయింగు సవరించాలి, కొత్త వైరు సరఫరాదారుకు ఆమోదం రావాలి. 35 డిగ్రీల వేడిలో 5 శాతం ఉప్పునీటి పొగలో వందల గంటలు ఉంచే పరీక్ష మళ్లీ చేయాలి. నెలలు పడుతుంది. దీన్ని మొద్దుతనం అనుకోవద్దు. ఆ నెలలు గడిచాక బయటకు వచ్చే ఐదు వేల పెట్టెలూ ఒకేలా ఉంటాయి. చిన్న కంపెనీ సాయంత్రానికి చేసిన మార్పు ఆ ఒక్క పెట్టెలో ఉంటుంది, ఇంజనీరు తలలో ఉంటుంది. కాగితం మీద ఉండదు. ఆరు నెలలకు ఆ ఇంజనీరు బెంగళూరు వెళ్లిపోతే ఏ పెట్టెలో ఏ వైరు ఉందో చెప్పే దిక్కుండదు.

కాబట్టి ఇంకా నేర్చుకోవలసింది ఎక్కువ ఉన్నప్పుడు, తప్పు జరిగితే నష్టం తక్కువగా ఉన్నప్పుడు, కొనేవాడు తన జేబులోంచి తానే డబ్బు తీసి ఇచ్చేవాడైనప్పుడు చిన్న కంపెనీకి సాటి లేదు. బోటు యజమాని, రొయ్యల చెరువు రైతు, ఆటోనగర్ వర్క్‌షాపు, ప్రైవేటు ల్యాబ్ అలాంటి కొనుగోలుదారులే. నచ్చితే కొంటారు, లేకపోతే మొహం మీదే చెప్తారు.

చిన్న కంపెనీకి ఊపిరాడని చోటు

చిన్న కంపెనీలు టెక్నాలజీ బాగాలేక మూతపడటం తక్కువ. ఆర్డరు వచ్చాక మూతపడతాయి. వినడానికి విచిత్రంగా ఉంటుంది గానీ లెక్క వేసి చూడండి.

ఒక పెద్ద సంస్థ నుంచి 10 లక్షల పీవో, అంటే కొనుగోలు ఆర్డరు వచ్చిందనుకుందాం. ఒక్కొక్కటి 25 వేల చొప్పున 40 పెట్టెలు. సరుకు కొనడానికి ఐదున్నర లక్షలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 99 వేలు. ముందు డబ్బు కడితేనే సరుకు ఇస్తారు, కొత్త కంపెనీకి ఎవరూ అప్పు పెట్టరు. పని సరిగా చేస్తామని పెట్టే పర్ఫార్మెన్స్ గ్యారంటీ 5 శాతం, అంటే 50 వేలు బ్యాంకులో ఇరుక్కుంటాయి. సరుకు పంపి ఇన్‌వాయిస్ వేశాక దాని మీద జీఎస్టీ 1,80,000. ముందు కట్టిన 99 వేలు పోగా మిగిలిన 81 వేలు తర్వాతి నెలలోనే కట్టాలి. కొన్నవాడు డబ్బు ఇచ్చాడా లేదా అని జీఎస్టీ శాఖ అడగదు. ఇద్దరు ఇంజనీర్లకు నెలకు 30 వేల చొప్పున నాలుగు నెలల జీతాలు 2,40,000. మొత్తం 10,20,000. పది లక్షల ఆర్డరు నిలబెట్టుకోవడానికి జేబులో పది లక్షలు ఉండాలి!

సూక్ష్మ, చిన్న సంస్థలకు సరుకు అంగీకరించిన 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి చట్టం చెప్తోంది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతలు, అదీ నెలనెలా చక్రవడ్డీ. 2023–24 ఆర్థిక సంవత్సరం నుంచి ఆదాయపు పన్ను చట్టంలోనూ ఒక మెలిక పెట్టారు. గడువు దాటినా చెల్లించకపోతే ఆ ఖర్చును కొన్నవాడు ఆ ఏడాది లెక్కలో చూపించుకోలేడు. ఈ రక్షణలు మధ్య తరహా సంస్థలకు లేవు, అది చిన్నవాళ్లకు నిజమైన లాభమే. కానీ గడియారం మొదలయ్యేది సరుకు అంగీకరించిన రోజు నుంచి. సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అంగీకరించినట్టేనని చట్టం అంటుంది గానీ, ఆచరణలో ఇన్‌స్పెక్షన్ ఎప్పుడు చేస్తారో, సంతకం ఎప్పుడు పెడతారో ఆ సంస్థ చేతిలోనే ఉంటుంది. ఒక పెద్ద సంస్థలో యూజర్ డిపార్టుమెంటు వాళ్లకు మా వస్తువు నచ్చి రోజూ వాడుతూనే ఉన్నారు గానీ, అంగీకార పత్రం మీద సంతకం పెట్టాల్సిన అధికారి బదిలీ అయిపోయి ఫైలు కదలలేదు. చట్టం మన పక్షాన ఉన్నా, తొలి కస్టమర్ మీద ఫిర్యాదు చేయడానికి ఎవరికి మనసొప్పుతుంది?

ఇంకొకటి సర్వీసు. విశాఖలో పది పెట్టెలు చూసుకోవడం తేలిక. పారాదీప్‌లో మూడు, కాండ్లాలో రెండు పెట్టిన రోజు నుంచి మీ మంచి ఇంజనీరు రైళ్లలోనే ఉంటాడు, కొత్త వెర్షన్ చేసేవాడు ఉండడు.

ఓపిక, సరైన తోడు ఉంటే చిన్న కంపెనీ పెద్ద పనులూ చేస్తుంది. మన తెలుగు నేల మీదే శాంతా బయోటెక్నిక్స్ ఉంది. వరప్రసాద్ రెడ్డి గారు 1993లో మొదలుపెట్టి 1997లో హెపటైటిస్-బి టీకా తెచ్చారు. దేశంలో రీకాంబినెంట్ (జన్యువును వేరే జీవిలో చేర్చి తయారుచేసే) పద్ధతిలో తయారైన మొదటి టీకా అది. ఆయన డాక్టరు కాదు, ఎలక్ట్రానిక్స్ వైపు నుంచి వచ్చినవారు. తొలి రోజుల్లో సొంత ప్రయోగశాల కట్టుకుని కూర్చోకుండా ఉస్మానియా యూనివర్సిటీలో, తర్వాత హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో చోటు తీసుకుని పనిచేశారు. తర్వాత కాలంలో, 2009లో, ఆ కంపెనీని ఫ్రాన్స్‌కు చెందిన సనోఫీ తీసుకుంది. టీకా పుట్టడానికి చిన్న కంపెనీ, ప్రపంచమంతా నడిపించడానికి పెద్ద కంపెనీ. ఈ వరుసను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

పెద్ద కంపెనీ ఇవ్వగలిగేది, ఇవ్వలేనిది

ఎలక్ట్రిక్ స్కూటర్ల కథ ఇక్కడ బాగా పనికొస్తుంది. ఐఐటీ మద్రాసు పూర్వ విద్యార్థులిద్దరు 2013లో ఏథర్ మొదలుపెట్టారు. 2016లో బండి చూపించారు, 2018లో కస్టమర్ల చేతికి ఇచ్చారు. అంటే ఐదేళ్లు. ఆ మధ్యలో హీరో మోటోకార్ప్ పెట్టుబడి పెట్టింది. బజాజ్ చేతక్, టీవీఎస్ ఐక్యూబ్ రెండూ 2020 జనవరిలో వచ్చాయి. 2025 నాటికి నెలవారీ అమ్మకాల్లో టీవీఎస్, బజాజ్ ముందు వరసకు చేరాయి. వాళ్లకు ఊరూరా షోరూములున్నాయి, మెకానిక్కులున్నారు, "ఈ కంపెనీ పదేళ్ల తర్వాత కూడా ఉంటుంది" అనే నమ్మకం ఉంది. గాజువాకలో బండి కొనే మధ్యతరగతి మనిషికి ఆ నమ్మకం బ్యాటరీ టెక్నాలజీ కంటే ముఖ్యం. అయినా ఎలక్ట్రిక్ బండి అంటే ఆట వస్తువు కాదని కొనేవాళ్లకు ముందు నిరూపించింది చిన్న కంపెనీయే.

పెద్ద కంపెనీ దగ్గర డబ్బు ఉంటుంది, నాణ్యతా వ్యవస్థ ఉంటుంది, కోర్టు కేసు వస్తే తట్టుకునే శక్తి ఉంటుంది. దాని దగ్గర లేనిది చిన్న మార్కెట్ల మీద ఆసక్తి. ఏడాదికి ఐదు కోట్ల అమ్మకం మీ జీవితాన్ని మార్చేస్తుంది. వేల కోట్ల కంపెనీలో దాని కోసం ఒక మీటింగు కూడా పెట్టరు. గూగుల్ 2019 నవంబరులో స్టేడియా అనే ఆన్‌లైన్ గేమింగ్ సేవ తెచ్చింది, 2023 జనవరిలో మూసేసింది. టెక్నాలజీ పనిచేసింది. కోరుకున్నంత మంది రాలేదు. చిన్న కంపెనీకి ఆ వాడకందార్లే బోలెడు మంది, పెద్ద కంపెనీకి చాలలేదు.

ఈ విషయం ఇప్పుడు విశాఖవాళ్లు తప్పకుండా ఆలోచించాలి. రుషికొండలో ఇన్ఫోసిస్ 2023లో తలుపులు తెరిచింది. టీసీఎస్ వచ్చింది. ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. మంచిదే, ఊరికి కావలసిందే. అయితే ఇంత పెద్ద కంపెనీ ఊళ్లోకి వచ్చినంత మాత్రాన మీ ఆవిష్కరణకు అది మార్కెట్ అయిపోదు. కొనుగోళ్ల నిర్ణయాలు సాధారణంగా ఇక్కడ జరగవు. వాటి వల్ల మీకు దక్కేది నైపుణ్యం ఉన్న మనుషులు, మంచి నెట్‌వర్కు. జీతాలు కూడా పెరుగుతాయి. మీ దగ్గర 30 వేలకు చేసే ఇంజనీరు రుషికొండ మీది కంపెనీలకు వెళ్లిపోవడానికి ఎంతో కాలం పట్టదు, అది కూడా మీ లెక్కలో ఉండాలి.

పెద్ద కంపెనీతో పని పెట్టుకుంటే ఒక్క జాగ్రత్త. లోపల మీ కోసం మాట్లాడే మనిషి ఒక్కడే ఉంటే మీ ప్రాజెక్టు ఆయుష్షు ఆ మనిషి బదిలీ దాకే. కనీసం ఇద్దరు, వేర్వేరు డిపార్టుమెంట్లలో ఉండాలి. వాడేవాళ్లలో ఒకరు, ఫైనాన్సులో ఒకరు ఉంటే మేలు. పెద్ద కంపెనీ చిన్న జట్టుకు స్వేచ్ఛ ఇచ్చినప్పుడు అద్భుతాలు జరిగిన మాట నిజం. ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను 1981లో దాదాపు ఏడాది పనితో తేగలిగిందంటే, ప్రధాన కార్యాలయానికి దూరంగా ఫ్లోరిడాలో ఒక చిన్న బృందాన్ని పెట్టి, చిప్పు ఇంటెల్ దగ్గర, సాఫ్ట్‌వేర్ మైక్రోసాఫ్ట్ దగ్గర కొనుక్కోమని ఒప్పుకుంది కాబట్టే. మీతో మాట్లాడుతున్న కంపెనీలో అలాంటి జట్టు ఉందా, దానికి సొంత బడ్జెట్ ఉందా అని అడగండి. బడ్జెట్ లేని 'ఇన్నోవేషన్ సెల్' మీకు టీ ఇస్తుంది, సర్టిఫికెట్ ఇస్తుంది, పీవో ఇవ్వలేదు.

ఎవరూ చూడని మధ్య దారి

ఆటోనగర్‌లోనో, పరవాడ వైపో, దువ్వాడ వైపో ఇరవై ఏళ్లుగా నడుస్తున్న కంపెనీ ఒకటి ఊహించుకోండి. వంద మందో, రెండు వందల మందో పనివాళ్లు. స్టీల్‌ప్లాంటుకో, రిఫైనరీకో, పోర్టుకో, షిప్‌యార్డుకో స్పేర్లు సరఫరా చేస్తుంది. కొత్త టెక్నాలజీ అనే మాట దాని బోర్డు మీద ఎక్కడా ఉండదు. కానీ మీకు లేని నాలుగు దాని దగ్గర ఉన్నాయి. ఆ సంస్థలకు సరఫరాదారుగా నమోదైన వెండర్ కోడ్ ఉంది. బ్యాంకులో అవసరమైనప్పుడు వాడుకునే అప్పు పరిమితి, అంటే క్యాష్ క్రెడిట్ లిమిట్ ఉంది. ప్లాంటు లోపలికి వెళ్లే గేట్ పాసున్న ఫిట్టర్లున్నారు. ఏ షాపులో ఏ ఇంజనీరు కొత్తదాన్ని ప్రయత్నించే రకమో యజమానికి తెలుసు.

అలాంటి యజమానికి ఒక కుర్రాడు సెన్సారు చూపిస్తుంటే పక్కనే ఉన్నాను. గ్రాఫులు, ఖచ్చితత్వం, క్లౌడు అంతా విని ఆయన అడిగింది ఒక్కటే. "డబ్బా బాగుంది బాబూ. రాత్రి రెండింటికి ఇది తప్పుడు అలారం కొట్టి కన్వేయర్ ఆపితే ఫోను ఎవరికి చెయ్యాలి?" కుర్రాడు తన నంబరు ఇచ్చాడు. "నువ్వొక్కడివి ఎన్ని రాత్రులు ఎత్తుతావు? ఆ ఫోను నా మనిషి ఎత్తుతాడు. నువ్వు అలారం తప్పు కొట్టకుండా చూడు" అన్నాడు. పని ఎలా పంచుకోవాలో ఏ కన్సల్టెంటూ ఇంత సూటిగా చెప్పలేడు.

ప్లాంటులో కొత్త వస్తువు కొనాలంటే ఇండెంట్ (కావాలనే అభ్యర్థన) పడాలి, బడ్జెట్‌లో చోటు ఉండాలి, ఫైనాన్సు ఒప్పుకోవాలి, టెండరైతే ఎల్‌1, అంటే అందరికంటే తక్కువ ధర మనదే కావాలి. ఒకే కంపెనీ చేసే వస్తువైతే 'వాళ్ల దగ్గరే ఎందుకు కొనాలి' అని రాతపూర్వకంగా సమర్థించుకోవాలి. ఇదంతా తెలిసిన సరఫరాదారు మీ సెన్సారును తాను ఇప్పటికే సరఫరా చేస్తున్న గేర్‌బాక్సుకో, పంపుకో కలిపి ఇవ్వగలడు. అప్పుడది కొత్త టెక్నాలజీ కొనుగోలు కాదు, అలవాటైన స్పేరుతో పాటు వచ్చిన అదనపు సౌకర్యం. ట్రయల్ ఆర్డరుకు ఇంతకంటే దగ్గరి దారి నాకు కనిపించలేదు.

లోపాలూ ఉన్నాయి. యజమాని తర్వాత ఎవరు నడుపుతారో తెలియని కుటుంబ వ్యాపారాలు ఎక్కువ. సాఫ్ట్‌వేర్ విలువ అర్థం కాక "ఇనుము బరువుకి ధర కడతాను" అనే ధోరణి కొందరిది. విశాఖ దాటి అమ్మే శక్తి అందరికీ ఉండదు. మీ వస్తువు దేశమంతా ఒక్కసారే వెళ్లాల్సినదైతే మధ్య తరహా కంపెనీ చాలదు. పదిమంది పారిశ్రామిక కస్టమర్ల దగ్గర రెండేళ్లు నిలబడి నిరూపించుకోవాల్సినదైతే దీనికి మించింది లేదు.

వైద్య పరికరమైతే లెక్క వేరు

తప్పు జరిగితే మనిషి ప్రాణానికే ముప్పు కాబట్టి ఇక్కడ మొదటి కొనుగోలుదారు ఆసుపత్రి కాదు, లైసెన్సు ఇచ్చే అధికారి అనుకోవాలి. 2017 నాటి వైద్య పరికరాల నియమాల ప్రకారం ప్రమాదాన్ని బట్టి ఎ, బి, సి, డి అని నాలుగు తరగతులు. ఎ, బి తరగతుల తయారీ లైసెన్సు రాష్ట్రం ఇస్తుంది. సి, డి అయితే కేంద్రంలోని మందుల నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ. ఎ (స్టెరైల్ కానివి, కొలత పని చేయనివి మినహా), బి లకు 2022 అక్టోబరు నుంచి, సి, డి లకు 2023 అక్టోబరు నుంచి లైసెన్సు తప్పనిసరి. నాణ్యతా వ్యవస్థ, విద్యుత్ భద్రత, ఈఎంఐ–ఈఎంసీ (ఇతర యంత్రాల సిగ్నళ్లకు చెదరకుండా, వాటిని చెదరగొట్టకుండా ఉండటం), శరీరానికి తగిలే పదార్థాల పరీక్షలు ఇవన్నీ దాటాలి.

ఒకప్పుడు ఈ రంగంలో చిన్న కంపెనీ అడుగు పెట్టడమే కష్టం. పరీక్షా పరికరాలే కోట్లు. విశాఖలో స్టీల్‌ప్లాంటు దగ్గర 270 ఎకరాల్లో మెడ్‌టెక్ జోన్ వచ్చాక ఆ లెక్క మారింది. ఈఎంఐ–ఈఎంసీ ల్యాబు, బయోమెటీరియల్ పరీక్షలు, గామా స్టెరిలైజేషన్, త్రీడీ ప్రింటింగ్ అన్నీ ఒకే ప్రాంగణంలో అద్దెకు దొరుకుతాయి. పెద్ద కంపెనీకి సొంతంగా ఉండే సదుపాయాలు చిన్న కంపెనీకి గంటల లెక్కన దొరకడమంటే సైజు తేడాలో సగం చెరిగిపోయినట్టే.

మిగతా సగానికి నియమాల్లోనే ఒక వెసులుబాటు ఉంది. దాని పేరు లోన్ లైసెన్స్. ఇప్పటికే లైసెన్సున్న మరొకరి ఫ్యాక్టరీలో మీ పేరు మీద మీ పరికరం తయారు చేయించుకోవచ్చు. దుమ్ము లేని తయారీ గది (క్లీన్‌రూమ్) కట్టడానికి అప్పు చేయబోయే ముందు ఈ ఒక్క విషయం కనుక్కోండి.

కాలం విషయంలో మాత్రం తొందర వద్దు. క్షయను గుర్తించే ట్రూనాట్ యంత్రాన్నే తీసుకోండి. బెంగళూరులోని చిన్న పరిశోధన సంస్థ బిగ్‌టెక్ దాని మీద ఏళ్ల తరబడి పనిచేసింది. తయారీ, అమ్మకం కోసం గోవా డయాగ్నస్టిక్స్ సంస్థ ట్యులిప్‌తో కలిసి మోల్‌బయో పుట్టింది. అమెరికా కంపెనీ సెఫీడ్ చేసిన జీన్‌ఎక్స్‌పర్ట్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం 2010లో వస్తే, ట్రూనాట్‌కు 2020లో వచ్చింది. పదేళ్లు వెనక. కానీ మనవాళ్ల యంత్రం బ్యాటరీతో నడుస్తుంది, ఏసీ గది అడగదు. పాడేరు ఏజెన్సీలాంటి చోట్ల కరెంటు సంగతి తెలిసినవారికి ఆ తేడా విలువ వేరే చెప్పక్కర్లేదు. అదే మోల్‌బయోకు ఇప్పుడు గోవాతో పాటు మన మెడ్‌టెక్ జోన్‌లోనూ తయారీ ఉంది. చిన్న సంస్థ ఆలోచన, మధ్య తరహా సంస్థ తయారీ అనుభవం కలిశాక జరిగిన పని అది.

నౌకాదళం, రక్షణ రంగం వైపు వెళ్లేవాళ్లకు ఒక్క మాట. ఎన్‌ఎస్‌టీఎల్ రూపొందించిన వరుణాస్త్ర టార్పిడో 2016లో నౌకాదళంలో చేరింది. తయారీ భారత్ డైనమిక్స్‌ది. పూర్తి ఆయుధం చిన్న కంపెనీ పని కాదు. దానిలో ఒక భాగం, ఒక సెన్సారు, ఒక సాఫ్ట్‌వేర్ తప్పకుండా చిన్న కంపెనీ పనే. రక్షణ రంగ ఆవిష్కరణల కోసం 2018లో వచ్చిన ఐడెక్స్ పథకం సాధారణ గ్రాంటుగా కోటిన్నర వరకు ఇస్తుంది. ఎదురుచూసే ఓపిక, వేరే ఆదాయం ఉంటేనే దిగండి. ఒట్టి సాఫ్ట్‌వేర్ అయితే ఇంత చర్చ అక్కర్లేదు, చిన్నగా మొదలుపెట్టండి.

చేతులు కలిపేటప్పుడు కాగితం మీద ఉండాల్సినవి

చాలామందికి చివరికి తేలేది కలయికే. కోవిడ్ టీకా విషయంలో బయోఎన్‌టెక్ చేసింది అదే. 2008లో పుట్టిన ఆ జర్మన్ కంపెనీ దగ్గర ఎంఆర్‌ఎన్‌ఏ విద్య ఉంది. వేలమంది మీద పరీక్షలు, కోట్ల డోసుల తయారీ ఫైజర్ వల్ల అయ్యాయి. 2020 డిసెంబరుకల్లా టీకా జనానికి అందింది. రెండింటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా ఆ వేగంతో చేయగలిగేది కాదు.

కలవడమంటే అమ్ముడుపోవడం కాకూడదు కదా. హక్కులు మొత్తం రాసి ఇవ్వకండి, రంగం వరకే ఇవ్వండి. స్టీల్‌ప్లాంట్ల వరకు మీకు, పోర్టులు, బోట్లు నాకు అన్నట్టు. ఒక్కరికే ఇస్తున్నట్టయితే ఏడాదికి కనీసం ఇన్ని అమ్మాలని సంఖ్య రాయించండి. అమ్మకపోతే హక్కు దానంతట అదే మీకు తిరిగి రావాలి. ఈ ఒక్క షరతు లేక ఎన్ని మంచి వస్తువులు పెద్ద కంపెనీల బీరువాల్లో పడి ఉన్నాయో! వాళ్లు చేసే మెరుగుదలలు ఎవరివో రాసుకోండి. వైద్య పరికరమైతే లైసెన్సు ఎవరి పేరు మీద ఉంటుందో మొదటి రోజే తేల్చుకోండి. లైసెన్సు ఎవరిదైతే మార్కెట్ వాళ్లదే.

ఇవన్నీ మాట్లాడబోయే ముందు ప్రొవిజనల్ పేటెంట్, అంటే తాత్కాలిక దరఖాస్తు వేయండి. ఖర్చు 1,600, దానికి తోడు రాసిపెట్టినవారి ఫీజు. వేయకుండా ఎగ్జిబిషన్‌లో పెడితే, నలుగురి ముందు ట్రయల్ చేస్తే తర్వాత అది కొత్తది కాదని అభ్యంతరం రావచ్చు. ప్రొవిజనల్ వేసిన 12 నెలల్లో పూర్తి స్పెసిఫికేషన్ దాఖలు చేయాలి. ట్రయల్‌లో నేర్చుకుని చేసిన మార్పులు అందులో చేర్చుకోవచ్చు. కాబట్టి ట్రయల్ పదో నెలకల్లా ముగిసేలా చూసుకోండి. అప్పటికి మొదటి కొనుగోలుదారు ఎవరో, అతను ఎన్ని కాగితాలు అడుగుతాడో, డబ్బు ఎన్ని రోజులకు ఇస్తాడో మీకు తెలిసిపోతుంది. సొంత కంపెనీ పేరు మీద ముందుకు వెళ్లాలా, ఆటోనగర్ యజమానితో ఒప్పందం రాసుకోవాలా, పెద్ద కంపెనీకి రంగం వరకు హక్కు ఇవ్వాలా అనేది ఆ మిగిలిన రెండు నెలల్లో తేల్చుకోండి.